ఏడో బుట్ట దగ్గర జారిన తాంబాళం

ముందే ఒక సంగతి తేల్చేస్తాను. మా ఆఫీసు ప్రభు పెట్టిన ఆ వీడియో మీలో సగం మంది చూసే ఉంటారు. అందులో ఉన్న మనిషి నేనే. గాల్లో పోతున్న ఇత్తడి తాంబాళం మా ఇంటిదే. చివరికి నీళ్ళలో పడిందీ నిజమే. కానీ నేను దాన్ని విసరలేదు. జారింది. విసరడానికీ జారడానికీ తేడా తెలియకుండానే ఇరవై ఏళ్ళు క్వాలిటీ సెక్షన్‌లో పనిచేశానా?

కాఫీ తాగుతూ వినండి. నవ్వు కొంచెం ఆపుకోండి, అసలు నవ్వాల్సింది ఇంకా ముందుంది.

శనివారం పొద్దున మొదలైంది కథ. పీలమేడులో మా పంపుల కంపెనీ తెలుసుగా. ఏడాదికోసారి స్టాఫ్ అందరినీ బస్సెక్కించి ఎక్కడో ఆడిస్తారు. పోయినసారి బౌలింగ్, అంతకుముందు తాడులాగుడు. ఈసారి నరేశ్ పుణ్యమా అని డిస్క్ గోల్ఫ్. నరేశ్ అంటే మా టెస్టింగ్ సెక్షన్‌కి కొత్తగా వచ్చిన ఒంగోలు ఆయన, ఇద్దరు పిల్లల తండ్రి. ఆఫీసులో నన్ను మేడమ్ అంటాడు, గేటు దాటగానే సుమతక్కా అంటాడు. తరాలుగా తమిళనాట ఉండిపోయిన మా ఇంటి తెలుగు నా నోట మొదటిసారి విన్నప్పుడు కాసేపు నోరు తెరిచి నిలబడి, "అక్కా, మీరు మాట్లాడేది తెలుగేనా?" అన్నాడు. "మరి నువ్వు మాట్లాడేది ఏంది?" అన్నాను. అప్పట్నుంచి మంచి స్నేహం.

ఆట ఏంటంటే, పేరుకు గోల్ఫే గానీ బంతి లేదు, కర్ర లేదు, నేలలో గుంట లేదు. చేతిలో గట్టి ప్లాస్టిక్ డిస్కు ఉంటుంది. దూరంగా ఇనపకంబానికి ఒక బుట్ట, దాని పైన చుట్టూ వేలాడే గొలుసులు. మన డిస్కు పోయి ఆ గొలుసులకు తగిలి బుట్టలో పడాలి. ఎన్ని విసుర్లకు పడిందో లెక్క. తక్కువ విసిరినవాళ్ళు గెలిచినట్టు. అంతే.

ఊరి బయట ఒక రిటైరైన పి.టి. మాస్టరు తన మేతపొలంలో తొమ్మిది బుట్టలు పాతించి పెట్టాడు. చెట్లు అక్కడొకటి ఇక్కడొకటి. మిగతాదంతా గడ్డి, ఎండ, కొండల సందులోంచి అడ్డం లేకుండా కొట్టే పాలక్కాడు గాలి. ఒక పక్కంతా నీళ్ళు. నరేశ్ దాన్ని చెరువంటాడు, మేం కుళం అంటాం. ఏదైతేనేం, తడి ఒకటే.

ఇక తాంబాళం సంగతి. ఆదివారం మా మరిది కార్తీకుకు నిశ్చయం, అదే నిశ్చితార్థం. ముప్పై నాలుగేళ్ళు వచ్చాయి పాపం. కుదిరినట్టే కుదిరి తప్పిపోయిన సంబంధాలు మూడు. ఈ నాలుగోది పట్టుకొని మా అత్త ఊపిరి బిగబట్టి కూర్చుంది. అమ్మాయికి మావాడు నచ్చాడు, వాళ్ళ అమ్మానాన్నలకూ నచ్చాడు. కానీ ఆ ఇంట్లో మాట చెల్లేది తాతగారిది. ఎనభై దాటిన మనిషి. ఇంటిపేరేంటి, మీ ముత్తాత ఏ ఊరు నుంచి వచ్చాడు, ఎవరి ఇంటికి పిల్లనిచ్చారు అని మూడు తరాలు వెనక్కి తవ్వి తవ్వి అడిగాడు. ఆయనకు కావలసింది ఒకటే, మచ్చ లేని ఇల్లు.

ఆ మచ్చ లేనితనానికి మా అత్త చూపించే సాక్ష్యం ఈ తాంబాళం. నిశ్చయంలో రెండు వైపుల వాళ్ళూ పళ్ళెం నిండా ఆకులు, వక్కలు, పండ్లు, చీర పెట్టి ఒకరికొకరు మార్చుకుంటారు కదా, మా ఇంట్లో ప్రతి నిశ్చయానికీ ఆ పళ్ళెం ఇదే. దాని అడుగున గుండ్రంగా తెలుగు అక్షరాలు చెక్కి ఉంటాయి. "మా అలమేలవ్వ పుట్టింటోళ్ళు పేరు చెక్కించి ఇచ్చింది ఇది. అంతటి ఇల్లు మాది" అని వచ్చిన ప్రతి చుట్టానికీ అత్త చెప్తుంది.

ఇప్పుడు ఒక రహస్యం. మా ఇంట్లో అందరం తెలుగే మాట్లాడతాం, ఒక్కరికీ చదవడం రాదు. అత్త అయిదో క్లాసు దాకా తమిళం. నేను తమిళం, తర్వాత ఇంగ్లీషు. మా ఆయనా అంతే. ఆ అక్షరాలు మా కళ్ళకు జాంగ్రీలు వరసగా పేర్చినట్టు ఉంటాయి. అలమేలవ్వ పేరని పెద్దవాళ్ళు చెప్పారు, మేం నమ్మాం. పైగా ఏళ్ళ తరబడి పట్టిన నలుపులో అక్షరాలు సగం పూడిపోయి ఉన్నాయి.

అందుకే నిశ్చయానికి ముందు పాలిష్‌కి ఇచ్చాం. ఎప్పుడూ అత్తే ఆటోలో పోయి, షాపువాడి పక్కన కూర్చుని, పని అయ్యాక ఒళ్ళో పెట్టుకొని తెచ్చేది. ఈసారి మోకాలు లేవనివ్వలేదు. కోడలిగా వచ్చి ఇరవై రెండేళ్ళకు మొదటిసారి ఆ తాంబాళం నా చేతికి అప్పగించింది. శుక్రవారం ఇచ్చాను, శనివారం పొద్దున తీసుకోవాలి.

"సుమతీ, కింద పెట్టొద్దు. ఎవురి చేతికీ ఇయ్యొద్దు. నేరుగా ఇంటికి దా" అంది అత్త.

"సరే అత్తా" అన్నాను. నేరుగా అనే మాట ఒక్కటీ చెవిలో పడనట్టు ఆటకు పోయాను.

అత్త చెప్పిన మిగతావన్నీ తు.చ. తప్పకుండా పాటించానండీ. షాపుకు పోవాలని బస్సెక్కకుండా స్కూటర్‌లో వచ్చాను. దాని డిక్కీలో తాంబాళం పట్టదు, కాబట్టి గుడ్డసంచిలో వేసి భుజానికి తగిలించుకున్నాను. మాస్టరు గారి షెడ్డులో పెట్టలేదు. ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ సంచితోనే పొలమంతా తిరిగాను. ఆ సంచి చూసి మా డిజైన్ సెక్షన్ ప్రభు, "ఏం మేడమ్, ఇంటి నుంచి సొంత డిస్కు తెచ్చుకున్నారా?" అన్నాడు.

ప్రభు గురించి ఒక మాట. ఆయన డ్రాయింగులు గీస్తాడు, నేను తప్పులు పట్టి వెనక్కి పంపుతాను. పదేళ్ళుగా ఇదే మా సంబంధం. అలాంటి మనిషికి పోటీగా నన్ను నిలబెట్టి ఆడిస్తే నాకు రక్తం ఉడకదా?

మొదటి బుట్టకు నాకు తొమ్మిది విసుర్లు పట్టాయి. ప్రభుకు నాలుగు. నా డిస్కు ఒకసారి నా వెనక్కే పోయింది, ఎలాగో అడక్కండి. నరేశ్ వచ్చి నేర్పించాడు. "అక్కా, భుజంతో కాదు. మణికట్టుతో. చెయ్యి ఒంటికి ఆనించి లాగి, చివర్లో ఒక్క విదుపు. దోసె పెనం మీద నీళ్ళు చిలకరిస్తారు చూడండి, ఆ విదుపు."

ఆ మాట అర్థమైంది. రెండో బుట్టకు ఆరు. మూడోదానికి నాలుగు. నాలుగోదానికి మూడే. ఆ గొలుసులు ఘల్లుమని మోగి డిస్కు బుట్టలో కూర్చుంటే ఒళ్ళంతా ఝల్లుమంది, నిజంగా చెప్తున్నా. నలభై అయిదేళ్ళ వయసులో ఇంత సంతోషం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చుట్టూ అడ్డం లేదు, ఎదురుగా బుట్ట, చేతిలో డిస్కు. ప్రభుకేమో గాలికి డిస్కు అటూ ఇటూ పోతోంది. ఆరో బుట్ట అయ్యేసరికి ఇద్దరం సమానం. ప్రభు నవ్వడం మానేశాడు. నేను మొదలుపెట్టాను.

అప్పుడొచ్చింది ఏడో బుట్ట.

కుళం అక్కడ నేలలోకి చొచ్చుకుని వచ్చి ఉంటుంది. మనం నిలబడేది ఈ గట్టున, బుట్ట ఆ గట్టున. గట్టు వెంబడి చుట్టు తిరిగి రెండు విసుర్లలో పోవచ్చు. లేదా నీళ్ళ మీంచి ఒక్క విసురులో దాటించొచ్చు. నీళ్ళలో పడితే ఒక విసురు శిక్ష.

"అక్కా, చుట్టు తిరిగే పోదాం" అన్నాడు నరేశ్.

ప్రభు చుట్టు తిరిగే దారికే విసిరాడు. తెలివైనవాడు. నేను నీళ్ళ మీంచే విసిరాను. బుడుంగ్. మళ్ళీ విసిరాను. మళ్ళీ బుడుంగ్. నాకిచ్చినవి రెండు డిస్కులే, రెండూ పోయాయి. నరేశ్ తన సంచిలో ఇంకొకటి ఉందని, సంచి అయిదో బుట్ట దగ్గర మరిచిపోయానని చెప్పి తేవడానికి పరుగెత్తాడు.

ఇక నేను ఊరికే నిలబడాలి. ఆ క్షణంలో నేను ఊరికే నిలబడి ఉంటే ఇవాళ మీకు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

మణికట్టు విదుపు ఎక్కడ తప్పుతోందా అని వట్టి చేత్తో చేసి చూశాను. వట్టి చేతికి బరువు తెలియడం లేదు. చేతిలో ఏదైనా ఉండాలి. గుండ్రంగా, అంచు ఉన్నది. సంచిలో చెయ్యి పెట్టాను.

వదిలిపెట్టే ఉద్దేశం లేదండీ. ఊరికే పట్టుకొని ఊపి చూద్దామని. ఒకసారి ఊపాను, బాగుంది. రెండోసారి ఇంకా బాగుంది. మూడోసారి చివర్లో ఆ విదుపు ఇచ్చాను. పాలిష్ షాపువాడు మెరుపు నిలవాలని చివర్లో కొబ్బరినూనె పూసి తుడిచాడని నాకు ఆ సెకండులోనే గుర్తొచ్చింది.

ఏం పోయిందండీ అది. ఆ రోజు నా చేతి నుంచి వెళ్ళినవాటిలో వంకర లేకుండా, తిన్నగా, ఒక ఎత్తులో పోయింది అదొక్కటే. ఎండలో ధగధగా మెరుస్తూ, తిరుగుతూ పోయింది. ప్రభు ఫోను పట్టుకొని నా డిస్కులు మునగడం వీడియో తీస్తున్నాడు కదా, అంతా అందులో వచ్చేసింది. చప్పట్లు కూడా కొట్టాడు. "సూపర్ మేడమ్, ఇదే మీ బెస్ట్ త్రో" అన్నాడు. అది ఏంటో ఆయనకు ఇంకా తెలియదు.

మునిగి ఉంటే పడ్డ చోటైనా గుర్తుండేది. అది మునగలేదు. వెడల్పుగా పడి, రెండుసార్లు ఎగిరి, నీళ్ళ మీద కూర్చుంది. అంచు పైకి, అడుగు కిందికి. పాలక్కాడు గాలి వెనక నుంచి తోస్తోంది. మా అలమేలవ్వ తాంబాళం నింపాదిగా కుళం నడిమికి బయల్దేరింది.

నాకు ఈత రాదు. ప్రభుకూ రాదు. నరేశ్ డిస్కు పట్టుకొని ఎగశ్వాసతో వచ్చి నా ముఖం చూశాడు, నీళ్ళు చూశాడు. "అక్కా, అదేంటి తేలుతోంది?" అన్నాడు.

"మా మరిది నిశ్చయం" అన్నాను.

అదృష్టం, కాస్త దూరంలో ఒకాయన పరిసల్ వేసుకొని చేపలు పడుతున్నాడు. గుండ్రటి బుట్టపడవ తెలుసుగా, అదే. చున్నీ తీసి గాల్లో ఊపి ఊపి పిలిచాను. ఆయన నెమ్మదిగా తెడ్డు వేసుకుంటూ తాంబాళం వైపు వచ్చాడు. ఇంకో రెండు బారల దూరం. ఇంకో బార. చెయ్యి చాపాడు. పడవ తోసిన అల పోయి తాంబాళానికి తగిలింది. అది ఒక పక్కకు ఒరిగింది, ఇన్ని నీళ్ళు మింగింది, పోయింది.

సరిగ్గా అప్పుడే ఫోను. అత్త.

"తీసుకున్నావా?"

"తీసుకున్నా అత్తా. పొద్దున్నే తీసుకున్నా."

"ఇప్పుడు యాడుంది?"

"ఎదురుగానే ఉంది అత్తా. అటే చూస్తుండా."

"తడి తగలనీయొద్దు. పాలిష్ పెట్టినాక తడి తగిలితే మచ్చలు పడతాయి."

"సరే అత్తా" అన్నాను. ఫోను పెట్టేసి గట్టు మీదే కూర్చుండిపోయాను. మూడు సంబంధాలు తప్పాయి. నాలుగోది నా మణికట్టు వల్ల తప్పితే ఆ ఇంట్లో నాకు ముఖం ఉంటుందా? అపశకునం అంటారు. తాతగారి చెవిన పడితే ఏమంటాడో. అత్త ఏమీ అనదు, అదే నాకు ఇంకా భయం. మౌనంగా కూర్చుని కళ్ళు తుడుచుకుంటుంది. నాకూ ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

పరిసల్ ఆయన పేరు పళనిసామి. మంచి మనిషి. "అళవేండామ్మా, ఛాతీ లోతే" అన్నాడు, అంటే ఏడవొద్దమ్మా అని. మునిగిన చోట వల వేశాడు. లాగితే ఒక నీలం డిస్కు వచ్చింది. మళ్ళీ వేశాడు. నా ఆరెంజి డిస్కు. మళ్ళీ వేశాడు. ఒక చెప్పు, రెండు డిస్కులు. పడవలో డిస్కుల గుట్ట పెరుగుతోంది, తాంబాళం జాడ లేదు. నేను ఆ గట్టున ఏడుగురు దేవుళ్ళకు మొక్కుకున్నాను. ఎన్నో వల అన్నది లెక్క తప్పిపోయాక, పళనిసామి వల వదిలేసి తనే నీళ్ళలోకి దిగి, కాళ్ళతో తడిమి తడిమి, ఒక్కసారి మునిగి లేచాడు. చేతిలో తాంబాళం. నేను ఆయన కాళ్ళకు దండం పెట్టబోతే పాపం భయపడి వెనక్కి జరిగాడు.

అక్కడితో అయిపోయి ఉంటే బాగుండేది.

నరేశ్ పడవలోంచి డిస్కులు తీసి ఒక్కొక్కటే తుడుస్తున్నాడు. ఈ ఆటలో డిస్కు వెనక పేరూ ఫోను నంబరూ రాసుకుంటారట, ఎవరికైనా దొరికితే తిరిగివ్వడానికి. ఒక్కో పేరూ చదివి పక్కన పెడుతున్నాడు. ఆ వరసలోనే తాంబాళం కూడా తీసి, తుడిచి, వెనక్కి తిప్పాడు.

"అక్కా, దీని మీదా రాసుంది" అన్నాడు.

"మా అలమేలవ్వ పేరు" అన్నాను గర్వంగా. కన్నీళ్ళు ఇంకా ఆరలేదు, గర్వం మాత్రం వచ్చేసింది.

నరేశ్ తాంబాళాన్ని గుండ్రంగా తిప్పుతూ చదివాడు. మళ్ళీ మొదటికొచ్చి చదివాడు.

"అక్కా, మీ అవ్వగారి పేరు ఇందులో లేదు."

"సరిగా చూడు నాయనా. కొత్త పాలిష్."

"పాలిష్ బాగుందక్కా. అందుకే బాగా కనపడుతోంది." గొంతు సవరించుకుని చదివాడు. "'పెద్దసత్రము సొత్తు. వడ్డన కాగానే తిరిగి అప్పగించవలెను.'"

నాకు వెంటనే ఎక్కలేదు. ఇంకోసారి చదవమన్నాను. ఇంకోసారీ అదే వచ్చింది. నరేశ్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగి భుజాలు కదుపుతున్నాడు. మా వాళ్ళు ఎవరో ఏ కాలంలోనో ఆ సత్రంలో భోజనానికి పోయారు. వడ్డన అయింది. అది అయ్యి నూరేళ్ళయినా అయ్యుంటుంది. తాంబాళం మాత్రం ఇంకా మా పూజగదిలోనే ఉంది, కుంకుమ బొట్టుతో. ప్రతి నిశ్చయంలో దాన్నే ఎత్తి చూపించి, మా ఇల్లు ఎలాంటిదో చూడండి అని చెప్పుకుంటున్నాం.

ఒక తప్పు ఒప్పుకుంటాను. ఇంత జరిగాక కూడా నేను నేరుగా ఇంటికి పోలేదు. మిగిలిన ఆట పూర్తి చేశాను. ప్రభుకు వదిలేసి పోవడానికి మనసు ఒప్పలేదు. చివరికి ఒకే ఒక్క విసురుతో ఓడిపోయాను. తాంబాళాన్ని కూడా ఒక విసురు కింద లెక్కేశాడండీ ఆ మహానుభావుడు. అందుకే మొదట్లోనే చెప్పాను, అది జారింది అని. మాస్టరు గారికి అప్పీలు చేశాను, ఇంకా జవాబు రాలేదు.

ఇంటికి పోయాక అత్త తాంబాళం చేతిలోకి తీసుకొని కిటికీ దగ్గర వెలుతురులో పట్టుకుంది. చిన్న గీత పడిందని చూసింది. "పాలిష్ వాడి పనే" అన్నాను. ఆ షాపువాడు నన్ను క్షమించాలి. వెనక్కి తిప్పింది. అక్షరాలు ఒక్కొక్కటీ తళతళలాడుతున్నాయి.

"మా అలమేలవ్వ పేరు ఎంత బాగా తేలింది చూడు" అంది. వేలితో ఆ అక్షరాలు తడిమింది. ఆమె ముఖం చూశాక నిజం చెప్పే ధైర్యం నాకు లేదు. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు ఆ అవ్వ పోయిందట. పేరు తప్ప ఇంకేమీ మిగల్లేదు.

అప్పుడు అత్త పిడుగులాంటి మాట చెప్పింది. "పెళ్ళికూతురి తాత మదరాసులో తెలుగు చదువుకున్నాడంట. ఫోనులో చెప్పినా. రేపు సభలో అందరి ముందరా ఆయనే చదివి వినిపిస్తాడు."

ఆ మాట విన్నాక నాకు అన్నం దిగలేదు. చెప్పనా? చెప్తే అత్త గుండె పగులుతుంది. చెప్పకపోతే ఆ ఎనభై ఏళ్ళాయన నిండు సభలో సత్రం సొత్తు అని చదువుతాడు, మచ్చ లేని ఇంటి సంబంధం అక్కడికక్కడే తెగుతుంది. మా కార్తీకు కొత్త చొక్కా వేసుకొని అద్దంలో చూసుకుంటున్నాడు.

ఆదివారం పొద్దున్నే లేచి ఒక పని చేశాను. చందనం చిక్కగా అరగదీసి తాంబాళం అడుగున మందంగా మెత్తాను. అక్షరం ముక్క కనపడకుండా. అత్త చూసింది.

"పైన పూస్తారు గానీ, అడుగున ఎందుకే చందనం?"

"రెండు పక్కలా శుభం అత్తా" అన్నాను.

నిశ్చయం పెళ్ళికూతురి ఇంట్లోనే. హాలు నిండా చుట్టాలు. తాతగారు తెల్ల పంచె, తెల్ల చొక్కా, కర్రలా నిటారుగా కూర్చున్నాడు. ముహూర్తానికి పళ్ళాలు మార్చుకున్నారు. మా తాంబాళంలోని చీర, పండ్లు వాళ్ళు తీసుకొని ఖాళీ తాంబాళం తిరిగిచ్చే వేళ అత్త లేచి నిలబడింది. మోకాలు నొప్పి ఎటు పోయిందో.

"పెద్దాయనా, మా అలమేలవ్వ పేరు చెక్కుండాది. మీ నోట వినాల."

తాతగారు కళ్ళజోడు పెట్టుకున్నాడు. తాంబాళం తిప్పాడు. చందనం. భుజం మీది తువ్వాలు తీసి నింపాదిగా తుడిచాడు. తువ్వాలంతా పచ్చగా అయింది. నేను స్తంభం పక్కన నిలబడి, పారిపోవడానికి గుమ్మం ఎంత దూరమో చూసుకున్నాను.

ఆయన పెదవులు కదలకుండా చదివాడు. తాంబాళం గుండ్రంగా తిప్పి ఇంకోసారి చదివాడు. తలెత్తి మా అత్తను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. నా వేళ్ళకు ఇంకా చందనం ఉంది, వెనక్కి దాచుకునేలోపే చూసేశాడు.

హాలంతా ఆయన వైపే చూస్తోంది. కార్తీకు కూడా అటే చూస్తున్నాడు.

ఆయన గొంతు సవరించుకుని గట్టిగా చదివాడు. "'చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అలమేలమ్మకు, పుట్టింటివారి ఆశీస్సులతో.'"

అత్త కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "విన్నారు కదా" అని నాలుగు వైపులా చూసింది. అందరూ తలలూపారు. తాతగారు తాంబాళాన్ని కళ్ళకద్దుకొని అత్త చేతికిచ్చాడు. సంబంధం ఖాయం.

నా పై ప్రాణం పైకే పోయి, అప్పుడే కిందికి దిగింది. ఆయనకు కళ్ళు సరిగా కనపడక ఊహించి చదివాడా? మర్యాదకు చదివాడా? భోజనాలయ్యాక నేను చెయ్యి కడుక్కుంటుంటే కర్ర చప్పుడు వినపడింది. పక్కకొచ్చి నిలబడ్డాడు.

"అమ్మాయ్, చందనం బాగానే పూసినావు."

"తాతా, మాకు తెలీదు. నిన్ననే ఒకరు చదివి చెప్పినారు. మా అత్తకు ఇంకా..."

"గమ్మునుండు. మీ అత్తకు చెప్పొద్దు." అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "మా ఇంట్లో సాంబారు అండా ఒకటుండాది, పెద్ద ఇత్తడి గుండిగ. మా నాయన కాలం నాటిది. అదే సత్రం, అవే అక్షరాలు. మా ఇంట్లో తెలుగు చదివేవాణ్ణి నేనొక్కణ్ణే. మా అవ్వ పేరని యాభై ఏళ్ళుగా చదివి చెప్తుండా."

నేను కొళాయి కట్టడం మరిచిపోయి ఆయన్నే చూస్తున్నాను. మూడు తరాలు వెనక్కి తవ్వి అడిగిన పెద్దమనిషి ముఖంలో చిన్నపిల్లవాడి భయం కనపడింది.

"ఇప్పుడు మీ అత్త ఏమడిగిందో తెలుసునా? కల్యాణం రోజు మీ తాంబాళం, మా అండా పక్కపక్కన పెట్టాలంట. పెట్టినామంటే ఇద్దరు అవ్వల పేర్లూ ఒక్కటిగానే ఉండాయని చూపున్నోడెవడైనా కనిపెట్టేస్తాడు." కర్ర మీద రెండు చేతులూ ఆనించాడు. "మా మనవరాలు ఆ వీడియో చూపించింది. నీ విసురు చూసినా. మా అండాను కూడా ఆ కుళానికి ఒకతూరి తీసుకొని పోతావా తల్లీ?"

వద్దనాలి కదా. పెద్దింటి కోడల్ని, నలభై అయిదేళ్ళదాన్ని, తాంబాళం దెబ్బకు ముందు రాత్రి అన్నం దిగనిదాన్ని. నేను చెయ్యి తుడుచుకొని, అండా ఎంత బరువుంటుంది, పట్టుకునేదానికి అంచు ఉండాదా అని అడిగాను.